ఆస్తికత్వం, నాస్తికత్వం (తెలుగునాట)

విశ్వానికి కర్తగానో, నియామకుడిగానో, మొర ఆలకించేవాడిగానో దేవుడున్నాడని నమ్మడం ఆస్తికత్వం. అలాంటి దేవుడు లేడనడం, లేదా ఉన్నాడనడానికి ఆధారం చాలదనడం నాస్తికత్వం. ఇది నేటి వాడుక. ప్రాచీన దర్శనాల్లో విభజన గీత వేరే చోట పడింది. అక్కడ వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నవారు ఆస్తికులు, ఒప్పుకోనివారు నాస్తికులు. పాణిని అష్టాధ్యాయి సూత్రానికి (4.4.60) వ్యాఖ్యానం రాసినవారు పరలోకం ఉందనేవాడిని ఆస్తికుడన్నారు. కొలత మారితే మనుషులూ ఇటునుంచి అటు మారతారు. సృష్టికర్తను ఒప్పుకోని మీమాంసకుడు పాత లెక్కలో ఆస్తికుడు, కొత్త లెక్కలో కాడు.

ఈ వ్యాసం తెలుగు ప్రాంతాల్లో ఈ వివాదం నడిచిన తీరును, దాని వెనకనున్న ఆధ్యాత్మిక అవసరాలను, హైదరాబాద్ తూర్పున ఉప్పల్, నాచారం ప్రాంతంలో రెండూ పక్కపక్కనే కనిపించే తీరును వివరిస్తుంది.

దర్శన నేపథ్యం

భారతీయ దర్శనాల్లో దేవుణ్ని కాదన్నవి లేదా పక్కన పెట్టినవి తక్కువేమీ కావు. చార్వాక మతమని కూడా పిలిచే లోకాయతం ప్రత్యక్ష ప్రమాణాన్ని మాత్రమే నమ్మి ఆత్మను, పరలోకాన్ని, కర్మఫలాన్ని తోసిపుచ్చింది. ప్రాచీన సాంఖ్యం ఈశ్వరుడి అవసరం లేకుండానే సృష్టిక్రమాన్ని చెప్పింది. జైన, బౌద్ధాలు సృష్టికర్తను అంగీకరించలేదు. కుమారిలభట్టు వంటి మీమాంసకులు వేదాన్ని నిలబెట్టడం కోసమే సృష్టికర్త వాదాన్ని ఖండించారు. న్యాయదర్శనం మాత్రం ఈశ్వరుణ్ని అనుమానంతో, అంటే తర్కంతో సాధించడానికి పూనుకుంది. ఆ ప్రయత్నానికి పరాకాష్ఠ ఉదయనుడి న్యాయకుసుమాంజలి.

లోకాయతుల గ్రంథాలు దాదాపు మిగల్లేదు. వారి మాటలు మనకు తెలిసేది ప్రధానంగా ప్రత్యర్థుల పుస్తకాల వల్లనే. 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం మొదటి అధ్యాయమే చార్వాక మతం, కాని అది ఖండించడానికి రాసిన పరిచయం. జయరాశి తత్త్వోపప్లవసింహం ఆ ధోరణికి దగ్గరగా మిగిలిన ఒకే ఒక స్వతంత్ర గ్రంథమని కొందరు పండితులు భావిస్తారు. అది 1940లో బరోడాలో అచ్చయింది.

ఆంధ్రదేశంలో అమరావతి, నాగార్జునకొండ శతాబ్దాల పాటు బౌద్ధ కేంద్రాలు. సృష్టికర్త లేని మతమే ఇక్కడ స్తూపాలు, చైత్యాలు, ఉత్సవాలు, దానశాసనాలు వదిలి వెళ్ళింది. దేవుణ్ని కాదన్నంత మాత్రాన పూజ, యాత్ర, సమూహం పోవనడానికి తెలుగునేలపై ఇదే తొలి సాక్ష్యం. (చూ. ఆధ్యాత్మిక అవసరాలు)

ఆధునిక చరిత్ర

వేమన విగ్రహారాధనను, కులాన్ని, దొంగ సన్యాసులను ఎద్దేవా చేశాడు. ఆయన్ను హేతువాదులూ యోగమార్గీయులూ తమవాడంటారు. పద్యాల్లో రెంటికీ చోటుంది గనుక ఆ తగవు తేలేది కాదు.

19వ శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం (1848–1919), ఆ తర్వాత రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862–1939) బ్రహ్మసమాజం ద్వారా విగ్రహాలు లేని, కులం పట్టింపులేని ఏకేశ్వరోపాసనను ప్రచారం చేశారు. ఇది నాస్తికత్వం కాదు, దానికి ఎదురుగా నిలిచిన సంస్కరణ. వితంతు వివాహాలు, అంటరానితనపు నిరసన వంటి పనులను మాత్రం తర్వాత వచ్చిన నాస్తికులూ చేపట్టారు.

ఈ చరిత్రలో కాకినాడ పిఠాపురం రాజా కళాశాల స్థానం ప్రత్యేకం. వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 దాకా అక్కడ ప్రిన్సిపాల్. ఆయన ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు మొగ్గిన విద్యార్థుల్లో గుడిపాటి వెంకటచలం (1894–1979) ఒకరు. అదే కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా (1902–1975), దేవుడి భావన మీద రాసిన రాతల వల్ల 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఉపాసకుడు, అన్వేషకుడు, నాస్తికుడు ముగ్గురూ ఒకే ప్రాంగణంలోంచి వచ్చారు. తెలుగునాట ఈ చర్చ పండిత సభల్లో కంటే కళాశాలల్లో, పెళ్ళిపందిళ్ళలో, ఊరి పంక్తి భోజనాల్లో ఎక్కువగా నడిచింది.

త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) మరో దారి పట్టారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్నారు. సూతపురాణం, శంబుకవధ వంటి రచనల్లో పురాణాలను కుల దృష్టితో తిరగరాశారు. పెళ్ళి మంత్రాలు చేసుకునేవారికి అర్థం కావాలని తెలుగులో వివాహవిధి కూర్చి, తానే పౌరోహిత్యం చేసి పెళ్ళిళ్ళు జరిపించారు. తెనాలికే చెందిన ఆవుల గోపాలకృష్ణమూర్తి (1917–1967) ఎం.ఎన్. రాయ్ నవ్యమానవవాదాన్ని అందుకుని ఆ పద్ధతిని కొనసాగించారు. హేతువాది, పత్రికా సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు (1908–1985) సీత జోస్యం నాటకానికి 1981లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందారు. రావిపూడి వెంకటాద్రి (1922–2023) చీరాల నుంచి 1982లో హేతువాది మాసపత్రిక మొదలుపెట్టారు. విశాఖపట్నంలో జయగోపాల్ 1972లో భారత నాస్తిక సమాజాన్ని స్థాపించారు. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక దేవుడి ప్రశ్నను ముందుకు తేకుండా సైన్సు ప్రచారం, మూఢనమ్మకాల నిరసన మీద దృష్టి పెట్టింది.

గోరా, గాంధీ

గోరా తొలి ప్రయోగాలు వాదాలు కావు, పరీక్షలు. కాకినాడలో దయ్యాల కొంప అని పేరుపడిన ఇంట్లో కావాలనే కాపురం పెట్టారు. భార్య సరస్వతి (1912–2006) గర్భవతిగా ఉండి గ్రహణాన్ని చూశారు. పిల్లలకు పేర్లు కాలాన్ని, సందర్భాన్ని బట్టి పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం ఏట పుట్టిన కొడుకు లవణం, రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు పుట్టినవాడు సమరం, తొమ్మిదో సంతానం నౌ (హిందీలో తొమ్మిది). 1941లో దేవుడి భావనను నేరుగా ఖండిస్తూ తెలుగులో పుస్తకం తెచ్చారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది.

గోరా 1930లోనే గాంధీకి ఉత్తరం రాశారు. 1944–45లో సేవాగ్రామంలో ఇద్దరి మధ్య సుదీర్ఘ సంభాషణలు జరిగాయి. గాంధీ అప్పటికే దేవుడే సత్యం అనే మాటను తిప్పి సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. అంటరానితనం పోవాలంటే కర్మను, దైవేచ్ఛను నమ్మే మనసు మారాలని గోరా వాదం. గోరా కూతురు మనోరమ, దళిత యువకుడు అర్జునరావుల పెళ్ళికి గాంధీ ఒప్పుకోవడమే కాక, ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు ఉంచడానికీ అంగీకరించారు. గాంధీ హత్య తర్వాత, 1948 మార్చిలో, సేవాగ్రామంలోనే ఆ పెళ్ళి జరిగింది. ఈ సంభాషణలను గోరా ఇంగ్లీషులో రాయగా 1951లో గాంధీ రచనల ప్రచురణ సంస్థ నవజీవన్ అచ్చువేసింది. నాస్తికుడి పుస్తకాన్ని ఆ సంస్థ ప్రచురించడం ఉభయ పక్షాల మధ్య ఉన్న మర్యాదకు గుర్తు. తర్వాతి కాలపు వివాదాల్లో ఆ మర్యాద అరుదైంది.

దేవుణ్ని కాదనడం ఆరంభమేనని, మనిషి తన పనికి తానే బాధ్యుడనడం అసలు విషయమని గోరా చెప్పిన సిద్ధాంతానికి సానుకూల నాస్తికత్వమని పేరు. 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది. గోరా తరువాత లవణం (1930–2015), ఆయన భార్య, కవి జాషువా కూతురు హేమలత (1932–2008) స్టువర్టుపురంలో నేరవృత్తి ముద్రపడిన కుటుంబాల పునరావాసానికి, నిజామాబాద్ జిల్లాలో జోగినీ వ్యవస్థ నిర్మూలనకు పనిచేశారు.

భేదాలు

నాస్తికత్వం ఒకే రకం కాదు. దేవుడు లేడని ఖండితంగా చెప్పేది ఒకటి, ఆధారం చూపేదాకా నమ్మననేది మరొకటి. ఉన్నదీ లేనిదీ తెలుసుకోలేమనే అజ్ఞేయవాదానికి 1869లో థామస్ హక్స్‌లీ పేరుపెట్టారు. హేతువాదం జ్ఞానానికి సంబంధించిన పద్ధతి, మానవవాదం విలువలకు సంబంధించిన వైఖరి. మార్క్సిస్టులకు మతం సామాజిక పరిస్థితుల ఫలితం, ఆ పరిస్థితులు మారితే అదే వాడిపోతుంది. అందుకే కమ్యూనిస్టు ఉద్యమాలు దేవుడి మీద ప్రత్యేక పోరాటాన్ని ముఖ్యమనుకోలేదు. నాస్తిక కేంద్రానికీ వారికీ మధ్య అభిప్రాయభేదం ఇక్కడే.

ఆస్తికత్వమూ అంతే. అద్వైతి చెప్పే బ్రహ్మం నిర్గుణం, మొక్కులు అందుకోదు. ఇస్లాం, క్రైస్తవాల దేవుడు ఒక్కడే, సృష్టికర్త. తెలంగాణ పల్లెల్లో, పట్నం బస్తీల్లో కొలిచే పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మలతో సంబంధం ఇంకోలా ఉంటుంది. లోకాన్ని ఎవరు సృష్టించారన్న ప్రశ్నతో ఈ అమ్మవార్లకు పనిలేదు. ఊరిని, బిడ్డలను, చెరువుకట్టను కాపాడాలి, మొక్కు చెల్లిస్తే శాంతించాలి. దేవుడున్నాడనడానికి రుజువులు, లేడనడానికి ఖండనలు చాలావరకు ఈ నమ్మకాన్ని తాకకుండానే పోతాయి. హేతువాద ప్రచారం బస్తీల్లో ఎందుకు నిలదొక్కుకోలేదన్న ప్రశ్నకు ఇది సగం జవాబు.

వాదప్రతివాదాలు

ఆస్తికుల ప్రధాన వాదాలు: కార్యానికి కర్త ఉండాలి, ప్రకృతిలో క్రమం ఉంది, భక్తుల అనుభవం కొట్టిపారేయదగింది కాదు, నీతికి పునాది కావాలి. నాస్తికుల జవాబులు: కర్తకు కర్త ఎవరు, క్రమానికి ప్రకృతి నియమాలు చాలు, అనుభవం మనసు పని, నీతి సమాజ జీవనంలోంచి పుడుతుంది. లోకంలోని దుఃఖం దయామయుడైన దేవుడికి విరుద్ధమన్న ఆక్షేపణకు భారతీయ ఆస్తికులు కర్మసిద్ధాంతాన్ని బదులుగా చూపుతారు. కులాన్ని ఎదిరించినవారు ఆ బదులునే ఎక్కువ తప్పుపట్టారు. పుట్టుకను పూర్వజన్మ ఫలమంటే బాధితుడే దోషి అవుతాడని వారి వాదం. దీనికి గట్టి సమాధానం ఆస్తికుల వైపునుంచి ఇంకా రావలసే ఉంది. అలాగే పసిబిడ్డ చనిపోయిన ఇంట్లో ఏం చెప్పాలన్న ప్రశ్నకు నాస్తికుల దగ్గరా తగిన మాట తక్కువే.

ఆధ్యాత్మిక అవసరాలు

ఆధ్యాత్మిక అవసరం అనే మాటకింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులు చేరతాయి: బతుకుకు అర్థం, దుఃఖంలో ఓదార్పు, పదిమందితో కలిసి ఉండటం, పుట్టుక-పెళ్ళి-చావులకు ఒక క్రతువు. తనకంటే పెద్దదాని ముందు కలిగే విస్మయాన్ని ఐదోదిగా చేర్చేవారున్నారు. మతం సమూహాన్ని ముడివేసే శక్తి అని దుర్‌ఖైమ్, తండ్రి రక్షణ కోసం పెద్దయ్యాక కూడా పోని కోరిక అని ఫ్రాయిడ్, పీడితుల బాధకు వ్యక్తీకరణ, తాత్కాలిక ఉపశమనం అని మార్క్స్ వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన ఉపశమన చికిత్స నిర్వచనం శారీరక, మానసిక, సామాజిక బాధలతోపాటు ఆధ్యాత్మిక బాధనూ లెక్కలోకి తీసుకుంది. రోగి ఆస్తికుడా కాదా అన్న భేదం అందులో లేదు.

ఈ అవసరాలకు దేవుడు తప్పనిసరా అన్నదే అసలు వివాదం. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించడం, దేవుడు అక్కర్లేదుగాని ధమ్మం కావాలన్న జవాబు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి (1895–1986) తనను జగద్గురువుగా నిలిపిన సంస్థను 1929లో తానే రద్దుచేసి, గురువు, సంస్థ, నమ్మకం ఏవీ లేని అన్వేషణను బోధించారు. చలం బ్రహ్మసమాజాన్ని వదిలి, దేవుణ్నీ కుటుంబ నీతినీ నిలదీసి, చివరకు 1950లో అరుణాచలంలో రమణాశ్రమం దగ్గర స్థిరపడి అక్కడే కన్నుమూశారు. ఆస్తికులు దీన్ని దారికి రావడంగా, కొందరు అభిమానులు పతనంగా చెబుతారు. ఆయన రచనలు చూస్తే మొదటినుంచీ వెతికింది ఒకటేనని, చిరునామా మాత్రం మారిందని అనిపిస్తుంది.

తెలుగు నాస్తికులు సిద్ధాంతంలో ఆధ్యాత్మికత అనే మాటను ఇష్టపడరు. ఆచరణలో మాత్రం ఆ ఖాళీని నింపడానికి చాలా శ్రమపడ్డారు. దండలు మార్చుకుని ప్రమాణం చదివే పెళ్ళిళ్ళు, సంస్మరణ సభలు, నేత్రదానం, వైద్య కళాశాలలకు శరీరదానం, సహపంక్తి భోజనాలు ఆ ప్రయత్నాలే. నిప్పుల మీద నడిచి చూపించడం మరో రకం. బూడిద కప్పిన నిప్పు వేడిని నిదానంగా అందిస్తుందనీ, పాదం తాకే క్షణం చిన్నదనీ, అందుకే చకచకా నడిస్తే సాధారణంగా కాలదనీ ప్రదర్శకులు వివరిస్తారు. చూసేవాళ్ళు నిజానికి ఒక జాతరకు వచ్చినట్టే వస్తారు. పెళ్ళి విషయంలో ఈ ప్రత్యామ్నాయం కొంతవరకు నిలిచింది. చావు విషయంలో బలహీనంగా ఉంది. జీవితమంతా నాస్తికుడిగా బతికినవారికి కూడా బంధువులు పదకొండో రోజు కర్మ చేయించడం తెలుగిళ్ళలో మామూలే.

ఉప్పల్, నాచారం ప్రాంతం

హైదరాబాద్ తూర్పు అంచున, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం పారిశ్రామిక వాడలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు పేరుపొందింది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), 1977లో మొదలైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నాయి. మెట్రోలో ఒక స్టేషన్ పేరే ఎన్‌జీఆర్‌ఐ.

సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకుడు పుష్ప మిత్ర భార్గవ (1928–2017) దేశంలో శాస్త్రీయ దృక్పథ ఉద్యమానికి ముఖ్యుల్లో ఒకరు. 1981లో వెలువడిన శాస్త్రీయ దృక్పథ ప్రకటన రూపకల్పనలో ఆయన పాత్ర ఉంది. దానికి బదులుగా ఆశిష్ నంది అదే ఏడాది మానవీయ దృక్పథం పేరిట ప్రతిప్రకటన రాశారు. సైన్సు కూడా అధికారపీఠంగా మారగలదని, సామాన్యుడి నమ్మకాలను చిన్నచూపు చూడరాదని నంది ఆక్షేపణ. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులకు యూజీసీ అనుమతివ్వగా భార్గవ, మరికొందరు కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడాక సుప్రీంకోర్టు కూడా 2004లో వారి వ్యాజ్యాన్ని కొట్టివేసింది.

అదే రోడ్లమీద విశ్వాసం కూడా గట్టిగానే ఉంది. యాదగిరిగుట్టకు వెళ్ళే బస్సులు ఉప్పల్ చౌరస్తా మీదుగా పోతాయి. ఆ దారిలోనే ఇంకా ముందుకు వెళితే ఆలేరు దగ్గర కొలనుపాక జైన క్షేత్రం ఉంది. సృష్టికర్తను ఒప్పుకోని మతపు గుడికీ, నరసింహస్వామి గుట్టకూ ఒకటే రహదారి. నాచారానికి ఉత్తరాన మౌలాలీ గుట్టపై కుతుబ్‌షాహీల కాలం నాటి దర్గా ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా ఆస్థానంలోని యాకూత్ అనే సేవకుడికి వచ్చిన కల దాని పుట్టుకకు మూలమని కథనం. హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఆ మెట్లెక్కుతారు. రామంతాపూర్‌లో కతోలిక గురువులకు శిక్షణనిచ్చే సెయింట్ జాన్స్ సెమినరీ ఉంది. ఆషాఢంలో బస్తీల్లో బోనాలు, భాద్రపదంలో కాలనీ కాలనీకి వినాయకుడు, దసరాకు పారిశ్రామిక వాడలో లేతు మిషన్లకు పసుపు కుంకుమలతో ఆయుధపూజ. ప్రయోగశాలల్లో పనిచేసేవారూ ఈ కాలనీల్లోనే ఉంటారు. చాలామంది విషయంలో ఇది వైరుధ్యంగా బయటపడదు, పనివేళకూ పండగకూ మధ్య విభజనగా ఉంటుంది.

మూఢనమ్మకపు చీకటి కోణం కూడా ఇక్కడే బయటపడింది. 2018 ఫిబ్రవరి 1న, చంద్రగ్రహణం మర్నాడు, ఉప్పల్ చిలకానగర్‌లో ఒక ఇంటి మేడపై పసికందు తల కనిపించింది. పోలీసులు దీన్ని నరబలిగా ప్రకటించి కేసు నడిపారు. ఆస్తికత్వానికీ ఇలాంటి ఘటనలకూ ముడిపెట్టడం న్యాయం కాదని మతపెద్దలు, భయాన్ని పెంచే నమ్మకాలన్నిటికీ మూలం ఒకటేనని హేతువాదులు వాదించడం ఇలాంటి ప్రతి సందర్భంలోనూ జరిగేదే. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలుగు హేతువాద సంఘాలు కూడా అలాంటి చట్టం కోరుతూ వచ్చాయి.

చట్టం, గణాంకాలు

రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను, మత స్వేచ్ఛను కలిపి హామీ ఇస్తుంది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51ఎ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, మానవవాదాన్ని పెంపొందించడం పౌరుడి ప్రాథమిక విధి అంటుంది. చట్టసభల్లో ప్రమాణం దైవసాక్షిగా చేయవచ్చు, దేవుడి పేరు లేకుండానూ చేయవచ్చు. మతక్రతువు లేని పెళ్ళికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. తమిళనాడులో 1967 సవరణ ఆత్మగౌరవ వివాహాలకు హిందూ వివాహ చట్టంలోనే గుర్తింపు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి సవరణ రాలేదు.

2011 జనగణనలో దేశం మొత్తంమీద మతం తెలపనివారు సుమారు 28.7 లక్షలు, అంటే 0.24 శాతం. వీరంతా నాస్తికులని చెప్పలేం. నాస్తికులైనవారంతా ఈ వరుసలో ఉన్నారనీ చెప్పలేం, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ఇంటిపెద్ద చెప్పిన మతమే అందరికీ రాస్తారు. ప్యూ పరిశోధన కేంద్రం 2021లో ప్రచురించిన సర్వేలో 97 శాతం భారతీయులు దేవుణ్ని నమ్ముతామన్నారు. బౌద్ధుల్లో మాత్రం మూడోవంతు మంది నమ్మమన్నారు.

జనన ధ్రువపత్రంలో కులం, మతం లేవని రాయించుకునే అవకాశం కోరుతూ తల్లిదండ్రులు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. ఏ మతాన్నీ పాటించకపోవడం కూడా 25వ అధికరణం ఇచ్చే స్వేచ్ఛలో భాగమని, దరఖాస్తు పత్రాల్లో ఆ గడి ఉంచాలని అధికారులను ఆదేశించింది.